సాఫ్తా ఎడమ చెయ్యి

మా ఊరి కబేళాలో రోజుకు మూడు వందల పందులు తెగేవి. వాటిలో మాకు మిగిలేవి గిట్టలు. తొడలు, నడుము మాంసం, పక్కటెముకలు పెట్టెల్లోకెక్కి, పెట్టెలు రైలెక్కి, మేం పేర్లు కూడా సరిగ్గా పలకలేని దేశాలకు పోయేవి. గిట్టలు మాత్రం ఊళ్ళో దుకాణానికి వచ్చేవి. దేశం విడిచి పోనివి అవొక్కటే కాబట్టి వాటికి మేం 'దేశభక్తులు' అని పేరు పెట్టుకున్నాం. "దేశభక్తులొచ్చారంట, పదండే" అని ఆడవాళ్ళు సంచులు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. ఆ మాటకు అందరూ నవ్వేవాళ్ళు, ముందు ఒకసారి వెనక్కి చూసుకుని.

సాఫ్తా నవ్వేది కాదు. ఆవిడకు గిట్టలన్నా, తొడలన్నా, అసలు మాంసమన్నా అసహ్యం. కొండ మీద గొర్రెల ఊరి నుంచి పంతొమ్మిదో ఏట కబేళాకు వచ్చింది. డ్రైవర్ ఇలారియేని చేసుకుంది. నాలుగో ఏడు మంచులో లారీ బోల్తాపడి అతను పోయాడు. మంచాన పడ్డ అత్తగారు మిగిలింది. ఇరవై రెండేళ్ళు ఒకే బల్ల దగ్గర, ఒకే ఉప్పునీళ్ళ తొట్టి ముందు నిలబడి తొడలు ముంచి తీసింది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉండేది. ఇంటికెళ్ళాక వెనిగర్‌తో కడుక్కునేది. అయినా కాల్చిన పంది వెంట్రుకల వాసన పోయేది కాదు. బస్సులో ఆవిడ పక్కన సీటు ఖాళీగా ఉండేది. నా పక్కన కూడా. నేను ఆవిడ ఎదురు బల్ల. ఇళ్ళు చూస్తే ఒకే బిల్డింగులో ఆవిడది మూడో అంతస్తు, నాది కింద రెండోది. పదేళ్ళు చిన్నదాన్ని కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని.

మాంసం తినని సాఫ్తా వారానికి రెండుసార్లు మాంసం దొంగిలించేది. అత్తగారి కోసం. ముసలావిడ పొద్దున లేస్తూనే ఏం వండుతున్నావని అడిగేది. మొక్కజొన్న పిండి ముద్ద, పుల్లటి క్యాబేజీ అని చెప్తే గోడవైపు తిరిగి పడుకునేది. అందుకని సాఫ్తా, అందుకని నేను, ఎవరి కారణాలు వాళ్ళకున్న ప్రతి ఆడదీ, అరచెయ్యి పొడవు మాంసం ముక్కను గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని, మీద పలచటి గుడ్డతో భుజం చుట్టూ కట్టించుకునేవాళ్ళం. ఎవరికి వాళ్ళు కట్టుకోవడం కుదరదు. సాఫ్తాకు నేను కట్టేదాన్ని, నాకు ఆవిడ. ఆవిడ సంచి ఎడమ భుజానికి వేసుకుంటుంది కాబట్టి మాంసం ఎప్పుడూ కుడి చంకలోనే. ఒకసారి కట్టాక ఆ చెయ్యి ఒంటికి ఆనించి ఉంచాలి, లేపితే జారిపోతుంది. గేటు దగ్గర వెతికే ఆడమనిషి నడుము తడిమేది, తొడలు తడిమేది, బూట్లలో వేలు పెట్టేది. చంక జోలికి వచ్చేది కాదు. దానికి బదులుగా శనివారం ఆవిడ వాటా ఆవిడకు అందేది. అప్పుడు దేశం ఇలాగే నడిచింది. అందరం అందరి చంకల్లో ఏముందో తెలిసి బతికాం.

ఎనభైతొమ్మిది డిసెంబర్ ఇరవయ్యో తేదీ, బుధవారం. మొదటి షిఫ్టు అయిపోయింది. బట్టలు మార్చుకునే గదిలో సాఫ్తాకు కట్టు కట్టి ముడి వేశాను. నేను ఆరోజు ఏమీ తీసుకోలేదు. అప్పుడే మైకులో పిలుపు వచ్చింది: అందరూ భోజనశాలకు రావాలి, ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా. వెళ్ళాం. తలుపులు మూశారు.

దేశాధినేత పటం కింద పెత్రాకె నిలబడ్డాడు. అతను మా విభాగానికి పార్టీ కార్యదర్శి. ఒకప్పుడు మాతోపాటు వెంట్రుకలు గీకినవాడే. కార్యదర్శి అయినప్పటి నుంచి పందిని ముట్టుకోలేదు. గోళ్ళు శుభ్రంగా ఉండేవి, మాట్లాడేటప్పుడు వాటినే చూసుకునేవాడు. పక్కన కుర్చీలో డైరెక్టర్, చేతిలో టీ కప్పు. పెత్రాకె కాగితం చదివాడు. తిమిశోరా పట్నంలో విదేశాలకు అమ్ముడుపోయిన గూండాలు దుకాణాల అద్దాలు పగలగొట్టారట. కార్మికులమైన మేం ఆగ్రహంతో ఖండిస్తున్నామట. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తాలి. అతను ఆ వాక్యం పూర్తి చేసేలోపే చేతులన్నీ లేచాయి. అది మాకు అలవాటు. బస్సు ఆగేలోపే లేచి నిలబడ్డట్టు. నాదీ లేచింది.

లెక్కపెట్టే పని ఎప్పుడూ ఉండదు. పెత్రాకె ఊరికే ఒకసారి చూపు తిప్పుతాడు. ఆరోజు ఆ చూపు మా బల్ల దగ్గర ఆగింది.

"కామ్రేడ్ సాఫ్తా, చెయ్యి నొప్పా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"నొప్పేం లేదు."

"మరి?"

"ఎత్తను."

ఆ మాట ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. పెత్రాకె ముఖం ఎలా పెట్టాలో తేల్చుకోలేకపోయాడు. డైరెక్టర్ కప్పు కింద పెట్టాడు. కారణం చెప్పమని పెత్రాకె అడిగాడు.

"ఆ పిల్లల్ని నేను చూళ్ళేదు. చూడని వాళ్ళని గూండాలంటూ చెయ్యెత్తమంటే ఎత్తను."

కాగితంలో పిల్లలన్న మాట లేదు. తుపాకీ దెబ్బలకు పిల్లలు పోయారన్న సంగతి దుప్పటి కింద రేడియో పెట్టుకుని పరాయి దేశం వార్తలు వినేవాళ్ళకే తెలుసు. ఆవిడ నోట ఆ మాట రాగానే ఒక్కళ్ళు కూడా ఏ పిల్లలని అడగలేదు. ఇళ్ళలో అందరమూ వింటున్నామని అందరికీ అర్థమైంది. అందరూ నేలవైపు చూశారు. చేతులు మాత్రం ఇంకా పైకే ఉన్నాయి, దించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి.

డైరెక్టర్ మినిట్స్ రాసే అమ్మాయి వైపు వంగి మెల్లగా చెప్పాడు. ముందు వరసలో ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. ఏకగ్రీవం అని రాయమన్నాడు. తన ఫ్యాక్టరీ నుంచి ఒక్క 'కాదు' పైకి వెళితే ముందు పోయేది తన కుర్చీ. అలా కాగితం మీద సాఫ్తా కూడా చెయ్యెత్తింది.

గేటు దగ్గర ఆవిడను వెతకలేదు. వెతికే ఆడమనిషి రెండడుగులు వెనక్కి వేసి, ఆవిడ వెళ్ళాక ముందుకొచ్చింది. సాఫ్తా మాంసంతోనే ఇంటికి వెళ్ళింది. అత్తగారికి వండి పెట్టింది.

మర్నాడు పొద్దున నేను నా కత్తి తీసుకుని పక్క బల్లకు మారాను. మారమని ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం సాఫ్తా కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు. ఆవిడ తిన్న చెంచాను వంటామె పట్టకారుతో పట్టుకుని మరిగే నీళ్ళలో వేసింది, అంటురోగమున్న మనిషి చెంచా వేసినట్టు. ఇరవై రెండేళ్ళు మాతో కలిసి పంది తొడలు ముంచి తీసిన మనిషి. ఆమె చెంచా మాకు మురికైపోయింది. ఆవిడ తొట్టి ముందు నిలబడి తొడలు ముంచి తీస్తూనే ఉంది. ఎవరివైపూ చూడలేదు. చూసి ఉంటే ఎక్కడ దాక్కునేదాన్నో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే పెత్రాకె నన్ను తన గదికి పిలిచాడు. సాఫ్తా ఇంటికి ఎవరొస్తారు, ఏ రేడియో వింటుంది, పిల్లల సంగతి ఆవిడకు ఎవరు చెప్పారు. నేను కూర్చోలేదు, కూర్చోమనలేదు. నాకు ఒక్కటే తోచింది. దొంగతనానికి చట్టంలో శిక్ష రాసి ఉంది. ఆరు నెలలో ఏడాదో, తరువాత మనిషి ఇంటికి వస్తుంది. ఎత్తను అన్నదానికి ఏ శిక్షా రాసి లేదు, అలా అన్నవాళ్ళు మళ్ళీ కనపడరు. ఆవిడను కాపాడాలంటే ఆవిడను దొంగను చెయ్యాలి. మాలాంటి వాళ్ళకు తోచే ఉపాయం ఇదే.

"నిన్న ఆవిడ చంకలో మాంసం ఉంది, కామ్రేడ్. చెయ్యి లేపితే పడిపోద్దని ఎత్తలేదు. అంతకు మించేం లేదు" అన్నాను.

పెత్రాకె ముఖం విచ్చుకుంది. తన విభాగంలో తిరగబడ్డ మనిషి ఉండడం కంటే దొంగ ఉండడం అతనికీ మేలు. రాయించాడు. ప్రభుత్వ మాంసాన్ని కుడి చంకలో దాచినందువల్ల చెయ్యి ఎత్తలేకపోయిందని నా చేత్తో రాసి, సంతకం పెట్టాను. కట్టు ఎవరు కట్టారని అతను అడగలేదు. నేనూ చెప్పలేదు. అక్కను కాపాడాను అనుకుంటూ మెట్లు దిగాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఆ కాగితంలో నా కట్టు లేకపోవడం గురించి మాత్రం అనుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పటంలోని ఆయన రాజధానిలో మేడ మీద నుంచి హెలికాప్టర్‌లో పారిపోయాడు. రేడియోలో చెప్పారు. మొదట ఎవరూ కదల్లేదు. మొదట కదిలింది పెత్రాకె. భోజనశాలలో జెండా దించి, కొవ్వు తీసే కత్తితో మధ్యలో ఉన్న పార్టీ ప్రభుత్వ ముద్రను గుండ్రంగా కోసేసి, ఆ కంత జెండా పట్టుకుని సామాను బండి ఎక్కి ఊపాడు. తరువాత అందరూ సాఫ్తా మీద పడ్డారు. నిన్న చెంచా మరగబెట్టిన వంటామె ఆవిడను వాటేసుకుని ఏడ్చింది. మగవాళ్ళు ఆవిడను రబ్బరు ఏప్రన్‌తో సహా భుజాల మీదికెత్తారు. ఏప్రన్ నుంచి ఉప్పునీళ్ళు వాళ్ళ తలల మీద కారాయి. పెత్రాకె బండి దిగి వచ్చి రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టి "మేడమ్ సాఫ్తా" అన్నాడు. ఆ పొద్దున్నే గేటు దగ్గర అతనికి ఆవిడ కామ్రేడ్.

సాఫ్తా మోచేత్తో బుగ్గ తుడుచుకుంది.

"దించండి. తొట్టిలో తొడలున్నాయి, ఉప్పెక్కువైపోద్ది" అంది.

తరువాత్తరువాత ఊళ్ళో ఒక మాట పుట్టింది. రెండ్రోజులేగా ఆవిడ ధైర్యం అని. ఇంకో రెండ్రోజులు ఆగి మీటింగు పెడితే మేమూ ఎత్తేవాళ్ళం కాదు అని. ఇరవయ్యో తేదీన అది రెండ్రోజుల సంగతని ఎవరికీ తెలియదు. ముసలావిడ పోయినప్పుడు ఇల్లు సర్దడానికి వెళ్ళాను. మంచం కింద ఒక సంచి కనపడింది. రెండు జతల ఉన్ని మేజోళ్ళు, ఒక సబ్బు, దువ్వెన, రాయిలా ఎండిన సగం రొట్టె. పోలీసులు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు వెతుక్కోకుండా సాఫ్తా ఆ బుధవారమే సర్దిపెట్టుకుందట. విప్పడం మర్చిపోయానంది.

పద్నాలుగేళ్ళు గడిచాయి. కబేళా మూతపడింది. పెత్రాకె సాసేజీల దుకాణం పెట్టి, రెండు చేసి, పురపాలక సభలో సభ్యుడయ్యాడు. విప్లవంలో పాల్గొన్నవాళ్ళకు ప్రభుత్వం పత్రాలు ఇస్తోంది. పత్రం ఉంటే ఇంటి స్థలం, పెన్షన్ మీద పెంపు, రైలు ఉచితం, చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకునే బిల్లు సగమే. ఆ డిసెంబర్‌లో తలుపు తియ్యని వాళ్ళందరికీ ఇప్పుడు విప్లవం గుర్తొచ్చింది. తుపాకీ గుళ్ళు తమ చెవి పక్క నుంచి ఎలా వెళ్ళాయో చెప్పేవాళ్ళు, మా ఊళ్ళో ఒక్క గుండు కూడా పేలలేదు.

నవంబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను సాఫ్తా వంటింట్లో ఉన్నాను. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. పెత్రాకె కాఫీ పొట్లంతో వచ్చాడు. మేడమ్ అంటూ మొదలుపెట్టి, చేతుల ఆరోగ్యం అడిగి, బల్ల మీద కాగితం పరిచాడు. ఆ రోజు సభలో కార్యదర్శి పెత్రాకె కార్మికురాలు సాఫ్తాను బలవంతపెట్టడానికి నిరాకరించి, పైవాళ్ళకు ఆమె పేరు పంపకుండా తన ప్రాణాన్ని పణంగా పెట్టాడని అందులో ఉంది. కింద సాఫ్తా సంతకానికి చోటు వదిలాడు.

"మీ సంతకముంటే ఇంకెవ్వరూ ప్రశ్నించరు. మీకూ పత్రం రావాలిగా. మినిట్స్‌లో ఏకగ్రీవమని ఉంది, మీరు ఎత్తలేదని ఇద్దరు చెప్పాలి. నేనొకణ్ణి, మన దోమ్నిక ఒకరు" అన్నాడు నావైపు తల ఊపి.

"నేను ఎత్తలేదని మీరు చెప్తారు" అంది సాఫ్తా. "ఎత్తమన్నది మీరని ఎవరు చెప్తారు?"

అతను నవ్వాడు. పాత సంగతులన్నాడు. ఆవిడ కాగితాన్ని అతని వైపు జరిపింది. అప్పుడు అతను కోటు లోపలి జేబులోంచి ఇంకో కాగితం తీశాడు, పసుపు పట్టిపోయి, నాలుగు మడతలతో. చూడకుండానే నాకు అదేమిటో తెలిసింది.

"ఇది బయట తిరగడం బాగుండదని నేనే దాచాను, మీ మంచికే. విప్లవకారిణి అనుకున్నావిడ మాంసం దొంగ అంటే ఊళ్ళో ఏమనుకుంటారు?"

సాఫ్తా కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. గింజలు పొంగి పొయ్యి మీద పడ్డాయి, ఎవరూ లేవలేదు.

"ఇది నువ్వు రాశావా?"

"రాశాను."

"ఎప్పుడు?"

"ఇరవై ఒకటిన. నిన్ను ఎత్తుకుపోతారనుకున్నా అక్కా. దొంగంటే మళ్ళీ వదుల్తారని..."

ఆవిడ నన్ను చూడలేదు. కళ్ళద్దాలు తీసి కాగితం మీద పెట్టింది.

"ఇందులో అబద్ధం లేదు. మాంసం ఉంది" అంది పెత్రాకెతో. "కుడి చంకలో అని కూడా సరిగ్గానే ఉంది. నా ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది. అదెత్తినా మీరు లెక్కేసుకునేవాళ్ళే. ఆ ముక్క రాయించుకోలేదేం?"

"ఎడమ చెయ్యి సంగతి కాగితంలో లేదు మేడమ్."

"లేదు. అయితే ఉన్నదే చదువుకోండి. అంగట్లో చదవండి, గుళ్ళో చదవండి. నేను సంతకం పెట్టను."

కాఫీ పొట్లం కూడా అతని చేతిలో పెట్టి తలుపు వేసింది. నన్ను వెళ్ళమనలేదు. పొయ్యి తుడిచింది, గింజల్లో నీళ్ళు పోసింది, ఉల్లిపాయ కోసింది. కాసేపటికి నేనే లేచి వచ్చేశాను. ఆ తరువాత మూడు వారాలు మెట్ల మీద ఎదురైతే గోడవైపు జరిగి దారి ఇచ్చేది, ఉప్పునీళ్ళ బకెట్ మోసేవాళ్ళకు కబేళాలో దారి ఇచ్చినట్టు.

పెత్రాకె చెప్పినట్టే చేశాడు. రొట్టెల దుకాణం దగ్గర వరసలో ఆవిడకు పేరు పెట్టారు, చంక సాఫ్తా అని. అప్పట్లో అదే దుకాణం వెనక తమ చంకలు ఖాళీ చేసుకున్న ఆడవాళ్ళే పెట్టారు. ఒకామె అయితే ఆవిడ ముందే చెయ్యి ఒంటికి ఆనించుకుని నడిచి చూపించింది. సాఫ్తా వరసలో నిలబడి తన రొట్టె తను తీసుకుని వచ్చింది.

మరుసటి వారం పెత్రాకె నా ఇంటికి వచ్చాడు. ఊరి నుంచి పంపే జాబితాలో పదకొండు పేర్లున్నాయి, ఆరోది నాది. సహకార్మికురాలిని పోలీసుల బారి నుంచి రక్షించినందుకట. నాకు మోకాళ్ళ నొప్పులు, పని చెయ్యలేనని ఇచ్చిన చిన్న పెన్షన్‌లో సగం చలికాలం వేడికే పోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. మీటింగుకు వచ్చి కూర్చుంటే చాలన్నాడు. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. అతను వెళ్ళాక అతను కూర్చున్న కుర్చీని తడిగుడ్డతో తుడిచాను. తరువాత అదే గుడ్డతో నా చేతులు.

మీటింగు డిసెంబర్ పదహారున, పాత భోజనశాలలో. ఇప్పుడు దాన్ని పెళ్ళిళ్ళకు అద్దెకిస్తున్నారు. పటం ఉన్న చోట కాగితం పూల దండ వేలాడుతోంది. గోడలకు సున్నం వేశారు గానీ కాలిన వెంట్రుకల వాసన పోలేదు. జనం బాగానే వచ్చారు, తరువాత సూప్ పెడతారని చెప్పారు కాబట్టి. పెత్రాకె పదకొండు పేర్లు చదివాడు. ఒప్పుకునేవాళ్ళు, అన్నాడు. మాట పూర్తయ్యేలోపే చేతులు లేచాయి.

నా చేతులు ఒళ్ళో సంచి మీద ఉన్నాయి. అక్కడే ఉంచాను.

"దోమ్నిక మేడమ్, చెయ్యి నొప్పా?" అన్నాడు పెత్రాకె. తను ఆ మాట ముందొకసారి అన్నానని అతనికి గుర్తులేదు.

"నా పేరు కొట్టెయ్యండి. ఆ రోజు ఆ కట్టు కట్టింది నేను. ఆవిడ ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది. నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి, ఒకటెత్తాను. మమ్మల్ని ఎత్తమన్నవాడు ఇప్పుడు జాబితా మొదట్లో ఉన్నాడు."

ఎవరో దగ్గారు. వంటగది తలుపు వైపు ఒకరిద్దరు చూశారు. పెత్రాకె పెన్ను తీసి కాగితం మీద ఒక గీత గీసి, రాసే అమ్మాయి వైపు వంగాడు.

"పది పేర్లు. ఏకగ్రీవం."

దీన్ని ధైర్యం అనను. నా కోసం ఏ కారూ రాదు, మంచం కింద సంచి సర్దుకోనక్కర్లేదు. పోయింది సగం వేడి బిల్లు. పద్నాలుగేళ్ళు ఆలస్యంగా, సూప్ కోసం వచ్చిన జనం ముందు. సూప్ తాగకుండా బయటికొచ్చాను. మోకాళ్ళు పట్టేసి బస్టాపు దాకా నడవడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చాక నా అంతస్తు దగ్గర ఆగకుండా పైకి ఎక్కాను. తలుపు కొట్టాను. సాఫ్తా సగమే తీసింది, చేతిలో నేల తుడిచే గుడ్డ ఉంది. మీటింగు సంగతి బిల్డింగంతా తెలుసు.

"ఎత్తావా?"

"లేదు."

"ఏ చెయ్యి?"

"రెండూ."

నా చేతులవైపు చూసింది. తరువాత తలుపు మొత్తం తీసి పక్కకు జరిగింది.

"బూట్లు బయట విప్పు. ఇప్పుడే తుడిచాను."